మధ్యాహ్నపు ప్యారిస్

ఎండలు ముదిరి, ఎవరింటి గుమ్మానికో తడిపి కట్టిన వట్టివేళ్ళ తడకల వాసన తగిలితే రాజమహేంద్రవరంలో అందరికీ ప్రాణం లేచి వస్తుంది. నాకు మాత్రం మా సుందరత్తయ్య గుర్తొచ్చి ఉసూరుమంటుంది.

అత్తయ్య మా నాన్నగారి చెల్లెలు. కాపురానికి వెళ్ళకముందే, తొమ్మిదో ఏట, భర్త పోయాడు. పదిహేడేళ్ళొచ్చినా మామ్మ ఏదో ఒక వంకతో జుట్టు తీయించకుండా నెట్టుకొస్తోంది. మోకాళ్ళ దాకా ఉండే ఆ జుట్టు దువ్వుతున్నప్పుడల్లా కళ్ళు తుడుచుకునేది. వీధి గుమ్మం దాటడం మాత్రం అత్తయ్యకు లేదు.

యానాంలో ఫ్రెంచి దొరల కచేరీలో గుమాస్తాగా ఉన్న మా బాబాయి ఒక వేసవిలో రెండు అద్దాల పెట్టె తెచ్చాడు. అందులో బొమ్మ అచ్చేసిన అట్ట ఒక్కొక్కటీ పెట్టి కళ్ళు ఆనిస్తే ప్యారిస్ పట్నం చెయ్యి చాపితే అందేలా కనిపించేది. మగవాళ్ళు కునుకు తీసే వేళ, మామిడితాండ్ర ముక్క బుగ్గన పెట్టుకుని, నేనూ అత్తయ్యా తడకల చీకట్లో రోజుకో పేట తిరిగి వచ్చేవాళ్ళం: ఏటి మీద వంతెనలు, పూలమ్మే సంత, రెండు గోపురాల చర్చి, దాని వెనక ఎండ పడని రాళ్ళ సందు. "నెమ్మదిగా నడవ్వే, గుర్రబ్బళ్ళొస్తాయి" అని నా చెయ్యి పట్టుకునేది. ఆ సందులో మూడో అంతస్తు కిటికీ చూపించి, "మన గది అదే. ఇంక ఇంటికి రావక్కర్లేదు" అంది ఒకనాడు.

నా నోట్లో నువ్వుగింజ నానదు. అప్పడాలు ఒత్తడానికి అమ్మలక్కలు చేరిన రోజున, మధ్యాహ్నాలు ఇద్దరూ ఏం చేస్తారే అని ఎవరో అడిగితే, "అత్తయ్య ప్యారిస్ పట్నంలో గది చూసుకుందండీ, ఇంక ఇంటికి రాదుట" అని గొప్పగా చెప్పాను.

అప్పడాల కర్రలు ఆగిపోయాయి. "ఏ పట్నమైతేనేం, గడప దాటే బుద్ధి పుట్టిందిగా" అంది పక్కింటావిడ. అది బొమ్మండీ, ఉత్త బొమ్మ అని నేనెంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. నలుగురి నోటా పడ్డాక మామ్మకు వంకలు మిగల్లేదు. మూడోనాడు పెరట్లో నూతి దగ్గరికి మంగలిని పిలిపించారు.

వారం పోయాక పెట్టె పట్టుకెళ్ళి, "పూల సంతకు వెడదాం రా అత్తయ్యా" అన్నాను. తెల్ల పంచె ముసుగు నుదుటి మీదికి లాక్కుని గోడవైపు తిరిగింది.

"ఈ తలతో అంతమందిలోకి ఎలా వస్తానే?" అంది.

ఆ ఇల్లు చేతులు మారింది. మామ్మా పోయింది, అత్తయ్యా పోయింది. ఆవిడ జుట్టు ఎంత పొడుగో చెప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. ఆ మాట బయటపెట్టింది నేనేనని తెలిసి కూడా, బతికినన్నాళ్ళూ ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.