ఓనరమ్మ బోర్లించిన బిందె

చిల్కానగర్‌లో కొత్తగా తెరిచిన మసాజు మంచాల సెంటరుకి మొన్న నేనూ వెళ్లాను. వెళ్లక ఏం చెయ్యను, కుడి చెయ్యి చెవి దాకా లేవడం మానేసి చాలా రోజులైంది, జుట్టు ముడి పెట్టించుకోవడానికి పనిమనిషి ఎప్పుడొస్తుందా అని గుమ్మం వైపు చూస్తూ కూర్చోవాల్సి వస్తోంది. అక్కడ వరసగా మంచాలు, వాటి మీద నా ఈడు వాళ్లు, వీపు కింద వేడివేడిగా ఏదో గరగరా దొర్లుతుంటే పలకరింపు కూడా లేకుండా కళ్లు మూసుకుని పడుకున్నారు. కొన్నాళ్లు ఉచితమేనట, ఆ తరవాత మంచాన్నే కొనుక్కోమంటారట. దాని ధర విని నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి, ఎందుకంటే మా అత్తగారి చెయ్యి బాగుపడింది ఓ ఇత్తడి బిందె చుట్టూ తిరిగి.

అప్పట్లో నాచారంలో ఓ పెంకుటింటి వాటాలో అద్దెకుండేవాళ్లం. మావారు ఫ్యాక్టరీలో గుమాస్తా, నేను ఉప్పల్‌లో బడి పంతులమ్మని. మా అత్తగారు కృష్ణా జిల్లా నుంచి మా దగ్గరికొచ్చిన కొత్తలోనే స్నానాల గదిలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నారు, కట్టు విప్పేసరికి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి కదిలిస్తూ ఉండమని డాక్టరు చెప్పినా, అమ్మో నొప్పి అని కదిలిస్తే ఒట్టు. తన తల మీద ఇంకొకరి దువ్వెన పడనివ్వని మనిషి, రోజూ నా చేత ముడి వేయించుకోవాల్సి వచ్చేసరికి మనసు విరిగిపోయి, ఇంక నా బతుకింతేనని గోడ వైపు తిరిగి పడుకునేవారు. ఆవిడ అలాగే మంచాన పడిపోతారేమోనని నాకు భయంగా ఉండేది.

మా ఓనరమ్మ ఇక్కడి మనిషి, అత్తగారి ఈడుదే, నోరు పెద్దది. కొన్నాళ్లు చూసి చూసి, ఓ సాయంత్రం వాకిట్లో ఇత్తడి బిందె బోర్లించి, అత్తగారిని బాగున్న చేయి పట్టుకుని లేవదీసింది.

“ఏంది వదినా, గోడకు మొకం బెట్టుకుని పంటె చెయ్యొస్తదా? లే, జర బతుకమ్మ ఆడుదాం.”

పండగ కాదు, పూలు లేవు. వంగి చప్పట్లు, ఓ అడుగు, మళ్లీ లేచి చప్పట్లు, అంతే. వంగినప్పుడు చెయ్యి దానంతటదే వదులుగా ఊగేది, లేచేటప్పుడు ఎంత లేస్తే అంత. ఓనరమ్మా, ఆవిడ కోడలూ, నేనూ కూడా తిరిగేవాళ్లం, అత్తగారు ఓనరమ్మని తిట్టుకుంటూనే తిరిగేవారు. కాలం కాని కాలంలో పూలు లేని ఆటేమిటి, అరిష్టం అని ఎదురింటావిడ గొణిగితే, ఓనరమ్మ ఓ బంతిపువ్వు తెంపి బిందె మీద పెట్టి, “ఇగో, ఇప్పుడైతె బతుకమ్మనే. నువ్వు గూడ రా” అంది. ఆవిడ మూతి తిప్పుకుంటూనే వచ్చి కలిసింది, మర్నాటి నుంచి మా అందరికంటే ముందు తయారు!

ఎండలు ముదిరాక ఓ రోజు అత్తగారు తనంతట తనే ముడి వేసుకుని వాకిట్లోకొచ్చారు. వంకర ముడి, సగం జుట్టు మెడ మీదే ఉంది. ఎవర్నైనా ఆటపట్టించే ఓనరమ్మ ఆ రోజు కొంగుతో కళ్లొత్తుకుంది.

ఇప్పుడు వాళ్లెవరూ లేరు, మావారూ లేరు. ఆ వాకిలి ఏ అపార్ట్‌మెంటు కింద పార్కింగయిందో వెతికినా తెలియదు. సెంటరు నుంచి వచ్చి, అటక మీదున్న మా ఇత్తడి బిందె దింపించి హాల్లో బోర్లించాను, దేవుడి దగ్గరి పువ్వు ఒకటి దాని మీద పెట్టాను. ఎదురు ఫ్లాటావిడకీ భుజం నొప్పే కదా అని తలుపు కొట్టి రమ్మన్నాను. “ఆలస్యమైతె మంచం దొరకదక్కా” అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఒక్కదాన్నే తిరిగాను. చెయ్యి కొంచెం లేచింది కూడా, అబద్ధమెందుకు. కానీ తలుపులన్నీ మూసిన ఫ్లాటులో నా చప్పట్లు నాకే వినబడుతుంటే ఏడుపొచ్చి ఆపేశాను. చెయ్యి రాకపోతే ఊరుకోని మనుషులు మా కాలంలో వాకిలికొకరు ఉండేవారు, ఇప్పుడు తలుపు కొట్టినా దొరకడంలేదు.

రేపు నేనూ ఆ సెంటరుకే పోతాను. ఆ మంచంతో నా చెయ్యి లేస్తుందని కాదు, పక్క మంచం మీద ఎవరో ఒకరు ఉంటారు కదా.