డాక్టరమ్మ అడగని ఫీజు

పదేళ్ళు దాటింది, ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు. ఒక ముక్క గదిలో చెప్పాను, ఇంకో ముక్క గది బయట చెప్పాను. కూరగాయల బేరంలో ఇంతకంటే పెద్దవి ఎన్నో ఆడి ఉంటాను, వాటిలో ఒక్కటీ గుర్తులేదు. ఇది మాత్రం గుండెల మీద నుంచి దిగలేదు. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకు చెప్పబోతే మాటను నాకు అనుకూలంగా తిప్పుకుంటాను. మాట తిప్పడం నాకు బాగా వచ్చిన విద్య. ఆ సంగతే చెప్పబోతున్నాను.

ఇప్పుడు సూరత్‌లో ఒక ట్రస్టు ఆస్పత్రి వరండాలో బెంచీ మీద ఉన్నాను. ఎదురుగా మూసిన తలుపు. దాని వెనుక మా తోటికోడలు రమ ఉంది. నన్ను లోపలికి రావద్దంది. ఫోన్‌లో ఇది రాస్తున్నాను. నాలుగు మాటలు రాసి లేస్తున్నాను, మంచినీళ్ళ కుళాయి దాకా నడుస్తున్నాను, తాగకుండానే వెనక్కి వచ్చి కూర్చుంటున్నాను. పక్కన కూర్చున్న ఆవిడ నన్నే చూస్తోంది. నేనే రోగిననుకుంటోందేమో. ఆవిడ పొరపాటు పడలేదులెండి.

నేను పుట్టింది ఈ ఊళ్ళోనే. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి మగ్గం పనికి వచ్చినవాడు. మున్సిపాలిటీ తెలుగు బడిలో చదివాను. గుజరాతీ గల్లీలో నేర్చుకున్నాను, హిందీ బజారులో వచ్చింది. ఇదే ఊళ్ళో పర్వత్ పాటియా పేటలోని అత్తగారింటికి వచ్చేటప్పుడు నేను తెచ్చుకున్న సారె ఆ భాషలే అనుకోండి. మా వాళ్ళలో ఊరి నుంచి కొత్త కోడలు వస్తే, ఇక్కడ పుట్టిన కోడలే ఆమెకు నోరు. రేషను ఆఫీసుకు, కాన్పుకు, పిల్లల బడికి వెంట వెళ్ళి అటు మాట ఇటూ ఇటు మాట అటూ చెప్పాలి. ఎవరో పెట్టిన నియమం కాదు, అలా నడిచిపోతుంది. నన్నయితే గల్లీ గల్లీ అంతా పిలిచేది. నేను లేకపోతే వీళ్ళకు జ్వరమొచ్చిందని చెప్పుకోవడం కూడా రాదని మా ఆయన దగ్గర గొప్పలు పోయేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

రమ మా మరిదిని చేసుకుని వచ్చినప్పుడు బొత్తిగా చిన్నపిల్ల. ఏం మాట్లాడినా పక్కవాళ్ళకు మాత్రమే వినపడేది. మరిది ఖాతాలో పని చేసేవాడు. ఖాతా అంటే ఇక్కడ మరమగ్గాల షెడ్డు. రాత్రంతా మగ్గాల మధ్య ఉండి, పగలంతా నిద్రపోయేవాడు. రమ, నేను ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అంటించే పని చేసేవాళ్ళం. నేనే నేర్పాను. వరుస వంకర పోతే పీకి పారేసి మళ్ళీ అంటించమనేదాన్ని. అన్నం మెత్తబడితే అనేదాన్ని. నీళ్ళు పట్టడం మరిచిపోతే అనేదాన్ని. కొట్టలేదు. తిట్టానా? అప్పుడు దాన్ని తిట్టడం అనుకోలేదు, నేర్పడం అనుకున్నాను. చెప్పులు టకటకలాడించుకుంటూ మెట్లెక్కడం నాకు అలవాటు. ఇంటి పెద్ద కోడలు వస్తోందని ఇంటికి తెలియాలి కదా.

ఏడాది తిరగకముందే ఆ పిల్లకు ఏదో మొదలైంది. ఉన్నట్టుండి గుండె దడ, ఊపిరాడకపోవడం, చేతులు మొద్దుబారడం. చచ్చిపోతున్నానని గోడ పట్టుకుని కూలబడేది. కాసేపటికి తగ్గిపోయేది. మా అత్త తాయెత్తు కట్టించింది. సర్కారు ఆస్పత్రిలో గుండె పరీక్ష, రక్త పరీక్ష అన్నీ చేసి, ఒంట్లో ఏమీ లేదు, మనసుకు చూపించండి అన్నారు. ఈ ట్రస్టు ఆస్పత్రి పేరు చెప్పారు. మా మరిది నా ముందు నిలబడి, వదినా నువ్వే తీసుకుపోవాలి అన్నాడు. నేను కాకపోతే ఎవరు?

గదిలో ఉన్నావిడ డాక్టరు కాదు, మాట్లాడించి నయం చేసే మనిషి. మేం డాక్టరమ్మ అనే అన్నాం. హిందీలో మెల్లగా అడిగింది, ఈ దడ మొదలయ్యే ముందు ఎక్కడుంటావు, ఏం చేస్తుంటావు, ఏం వినపడుతుంది అని. నేను తెలుగులో చెప్పాను. రమ చాలాసేపు చీర కొంగు మడత పెట్టింది, విప్పింది. తర్వాత తలెత్తి నా ముఖంలోకే చూస్తూ చెప్పింది.

“నీ చెప్పుల సప్పుడు వినవడంగనే నాకు దడ మొదలైతదక్కా. ఏం తప్పు జేసిన్నో ఏమో అని ఒళ్ళంత సల్లవడ్తది. నువ్వు మంచిదానివే. గని నాకెందుకో గిట్లయితుంది. గీ మాట ఆమెకు చెప్పు.”

నా మీద ఫిర్యాదును నా చేతికే ఇచ్చింది. కోపంతో కాదు. ఆ క్షణంలో నేను ఆమెకు అక్కను కాదు, ఆమె నోరు మాత్రమే. నన్ను అంతగా నమ్మింది. ఆ నమ్మకాన్ని నేను అప్పుడు చూశానా? చూశాను. అదే కదా నన్ను నిద్ర పోనివ్వనిది. చూసి కూడా, తల కొట్టేసినట్టయి, ఒళ్ళు మండి, ఇంత చేస్తే నన్నా అనుకుని, డాక్టరమ్మ వైపు తిరిగి హిందీలో చెప్పాను, వాళ్ళమ్మ మీద బెంగ అంటోంది అని.

డాక్టరమ్మ రమ ముఖం చూసింది, తర్వాత నా ముఖం చూసింది. బెంగ ఒక్కటే అయి ఉండదు, వారం వారం కొన్నాళ్ళు తీసుకురండి, తప్పకుండా తగ్గుతుంది అంది. ఫీజు సంగతి నేను అడగకముందే విడమరిచి చెప్పింది. చీటీ డబ్బులు నామమాత్రం. తర్వాత ఎన్నిసార్లు వచ్చినా గుమ్మం పక్కనున్న డబ్బాలో వేయగలిగింది వేయండి, లేకపోతే వేయకండి, ఎవరూ చూడరు. ఆటో ఖర్చు బరువైతే ఫోన్‌లో కూడా మాట్లాడవచ్చు. ఇక్కడ నేర్చుకునే పిల్లలు కూడా పని చేస్తారు, అందుకే మాకు తక్కువలో గడుస్తుంది అని కూడా చెప్పింది. చూడండి, దాచిపెట్టిన మాట ఎంత బాగా గుర్తుంటుందో. ఒక్కటీ మరిచిపోలేదు. చివర్లో ఎంతో దయగా ఇంకో మాట అంది. వచ్చేసారికి తెలుగు వచ్చిన అమ్మాయిని ఎవరినైనా పిలిపిస్తాను, మీరు పాపం బయట కూర్చుని కాస్త ఊపిరి పీల్చుకోండి.

నాకు ఆ ఊపిరే ఆగింది. తెలుగు వచ్చిన ఇంకొకరు వస్తే రమ మాట ఉన్నదున్నట్టు అటు చేరుతుంది. నేనేం చెప్పానో బయటపడుతుంది. మరిదికి తెలుస్తుంది, గల్లీకి తెలుస్తుంది. బయటికి వచ్చాం. డబ్బా అక్కడే ఉంది, మా భుజాల ఎత్తున, గోడకు బిగించి. దాని మీద గుజరాతీలో రాసి ఉంది. రమకు గుజరాతీ రాదు.

“ఏమన్నదక్కా?” అంది.

“వారం వారం రమ్మంటుంది. ఒక్కసారి కూసుంటే మీ ఆయన వారం పగారు పోతదట,” అన్నాను.

రమ ఆగిపోయింది. “గంతనా? వద్దక్కా. నాకేం గాలే. జర మంచిగ తింటే అదే తగ్గుతది.”

నేను బతిమాలలేదు. సరే నీ ఇష్టం అన్నాను. నీ ఇష్టం! ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో. ఇంటికొచ్చి మరిదితో కూడా అదే రేటు, వారం జీతమని చెప్పాను. అతను తల పట్టుకుని కూర్చున్నాడు. వెళ్ళి అడిగి చూద్దామని అతనికి తోచలేదు. మనసు డాక్టర్లంటే ఎక్కువే అవుతుందని అందరం ముందే అనుకుని ఉన్నాం కాబట్టి, నా అబద్ధాన్ని ఎవరూ అనుమానించలేదు. ఊళ్ళో పెద్ద క్లినిక్కుల్లో అంత తీసుకునేవాళ్ళు లేరా, ఉన్నారు, నేనేం లేనిది కల్పించలేదు అని ఏళ్ళ తరబడి నాకు నేను చెప్పుకున్నాను. కానీ మేం నిలబడింది ఆ గుమ్మం ముందు కాదు కదా.

ఆ తర్వాత నేను తిట్టడం మానేశాను. చెప్పులు కింద మెట్టు దగ్గరే విడిచి వచ్చేదాన్ని. అది చాలనుకున్నాను. చాలలేదు. భయం నా చెప్పులు దాటి ఎక్కడెక్కడికో పాకింది. రమ ముందు బజారుకు వెళ్ళడం మానేసింది, తర్వాత మెట్లు దిగడం మానేసింది. కూతురు పుట్టింది, బడికి వెళ్ళింది, ఆ బడి ఎలా ఉంటుందో రమ చూడలేదు. ఊళ్ళో రమ తల్లి పోయిందని ఫోన్ వచ్చిన రోజు మాత్రం పంతం పట్టి స్టేషన్ దాకా వచ్చింది. రైలు వచ్చింది. ఎక్కలేకపోయింది. ప్లాట్‌ఫారం మీద కూలబడి, నన్ను వదిలేయండి, మీరు పోండి అని అరిచింది. మా మరిది ఒక్కడే ఎక్కాడు. నేను ఆమెను ఆటోలో వెనక్కి తెచ్చాను. దారంతా నా ఒళ్ళో తల పెట్టుకుంది. తల నిమిరాను. అప్పుడు చెప్పి ఉండొచ్చు.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది ఇంకా సిగ్గు. ఒకనాడు ఎదురింటావిడ, కొడుకు గదిలోంచి బయటికే రావడం లేదని నా దగ్గర ఏడ్చింది. ఎవరికైనా చూపించమ్మా అన్నాను. మనసు డాక్టర్ల దగ్గరికి మనం పోలేమక్కా, ఒక్కసారికే వారం పగారు పోతదట కదా అంది. నా అబద్ధం గల్లీ అంతా తిరిగి నా గుమ్మంలోకే వచ్చింది. నేనేం చేశానో తెలుసా? తలూపాను.

పోయినేటి నుంచి నాకే బాగుండటం లేదు. కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. గ్యాసు కట్టేశానా లేదా అని చూసి, చూశానా లేదా అని మళ్ళీ చూస్తున్నాను. అందరికంటే ముందు కనిపెట్టింది రమ. మొన్న మధ్యాహ్నం పని పక్కన పెట్టి, పాత చీర ముక్కలో కట్టిన మూటొకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. రాళ్ళ పని డబ్బులు. అప్పటి నుంచీ కొంచెం కొంచెం పక్కన పెడుతూ వచ్చిందట, ఎప్పటికైనా ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామని.

“నేను జమ జేసేలోపల వాళ్ళ ఫీజు పెరుగుతనే ఉంటది గదా అక్కా. నాకెన్నడు సాలినట్టు అనిపియ్యలే. నువ్వు పో. ఒక్కసారికన్న సరిపోతది,” అంది.

నేను ఆ మూట పట్టుకుని నిజంగానే ఇక్కడికి వచ్చాను. ఎందుకు వచ్చానో ఇప్పటికీ తెలియదు. అప్పటి డాక్టరమ్మ లేదు, వేరొకరు ఉన్నారు. డబ్బా మాత్రం అదే చోట ఉంది, కొత్తగా రంగు వేశారు. దాని ముందు నిలబడ్డాను. మూట విప్పలేకపోయాను. లోపలికీ వెళ్ళలేకపోయాను. ఇంటికి వెళ్ళి, రమ ఎదురుగా నేల మీద కూర్చుని, అంతా చెప్పాను. అక్కడ ఫీజు లేదని, అప్పుడూ లేదని. గదిలో తను చెప్పిన మాట నేను చెప్పనే లేదని.

రమ చేతిలోని రాయిని చీర మీద అంటించింది. ఇంకొకటి తీసుకుంది. వరుస ఎక్కడా వంకర పోలేదు.

“అంటే మా అమ్మ పోయిననాడు…” అంది. ఆగిపోయింది. ఆ మాట పూర్తి చేయమని అడిగే హక్కు నాకు లేదు.

నిన్నంతా నాతో మాట్లాడలేదు. ఈ పొద్దున చీర మార్చుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. “నన్ను తీస్కపో. నువ్వు మాత్రం లోపల్కి రావొద్దు,” అంది. మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. చెయ్యి అందించాను. పట్టుకోలేదు, గోడ పట్టుకుంది. ఆటోలో కళ్ళు గట్టిగా మూసుకుని, వేళ్ళు తెల్లబడేలా కడ్డీ పట్టుకుని కూర్చుంది. కానీ దిగిపోతానని అనలేదు. ఇప్పుడు ఆమెకు హిందీ వచ్చు, కూతురు నేర్పింది. ఇక నా నోటితో పని లేదు.

లోపల ఏం చెబుతోందో నాకు వినపడటం లేదు. నా పేరు చెబుతోందా? చెప్పాలి. క్షమిస్తుందా అంటే, అడగలేదు, అడగను. పోయిన ఏళ్ళను డబ్బాలో వేసి తీర్చే లెక్క కాదిది. ఎదురింటావిడ దగ్గరికి సాయంత్రం వెళ్ళి ఈ గుమ్మం గురించి చెప్పాలి, నా సంగతి కూడా చెప్పాలి. చెబుతానా? మీ ముందు అంటున్నాను కాబట్టి చెప్పక తప్పదు.

ఒక్క పని మాత్రం చేశాను. ఆ రోజు గదిలో రమ నాకు అప్పగించిన మాటను పైన రాశాను. ఆమె ఎలా అందో అలాగే, ఒక్క ముక్క తీయలేదు, కలపలేదు. ‘గీ మాట ఆమెకు చెప్పు’ అన్నది కూడా రాశాను. చేరాల్సిన మనిషికి చేరలేదు, ఆ డాక్టరమ్మ ఇప్పుడెక్కడుందో. మీకు చేరింది. ఇన్నేళ్ళలో రమ మాటను నేను మార్చకుండా అందించడం ఇదే మొదలు.

తలుపు ఇంకా తీయలేదు. లేచి కుళాయి దాకా వెళ్ళి, ఈసారి నీళ్ళు తాగి వచ్చాను.