ఇరవయ్యో గీత దగ్గర నేను చేసిన తప్పు

మా చిన్నబిడ్డ సరిత ఆఫీసు నుంచి వచ్చి, భుజానికి ఉన్న బ్యాగు కూడా దించకుండా నిలబడి మూడు చెంబుల నీళ్లు తాగిన సాయంత్రం నాకు మొదటిసారి భయం వేసింది. ఎండాకాలమా అంటే కాదు. తాగి, మంచం మీద వాలి, అన్నానికి లేపినా లేవలేదు.

మాది ఖాజాగూడ. బాలానగర్‌లో ఒక కార్ఖానాలో ముప్పై ఏళ్లు లేత్ మిషన్ నడిపాను. బడి మూడో తరగతితో ఆగింది. తరువాతి చదువంతా పాత పేపర్లు, మిషన్ల కేటలాగులు ముందేసుకుని నేర్చుకున్నదే. సరిత డిగ్రీ చేసి, మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల బిల్డింగులో కంప్యూటర్ ఉద్యోగం తెచ్చుకుంది.

నెల రోజుల్లో ఆమె బట్టలన్నీ వదులైపోయాయి. దగ్గర్లోని క్లినిక్ డాక్టరు నీరసమని తియ్యటి టానిక్ రాశాడు. రక్తపరీక్ష చేయించమంటారా అని అడిగితే, “ఇరవై రెండేళ్ల పిల్లకు షుగరేంటి? డాక్టరు నేనా, మీరా?” అన్నాడు. ఆ మాట నేను చచ్చేదాకా మరిచిపోను. నాలుగో రోజు వాంతులు, ఎగశ్వాస. ఆటోలో పెద్ద దవాఖానకు తీసుకుపోతే షుగర్ ఐదు వందలు దాటింది, యూరిన్‌లో కీటోన్స్ ఉన్నాయి, ప్రాణానికే ముప్పన్నారు.

అక్కడి డాక్టరమ్మది కోస్తా వైపు. నెమ్మదిగా చెప్పింది. “ఇది టైప్ వన్ అండి. ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయింది. మాత్రలు పనిచేయవు. రోజూ రెండు పూటలా ఇంజెక్షన్, ఒక్క పూట కూడా మానకూడదు.” ఎన్నాళ్లు అని అడిగాను. జీవితాంతం అంది.

ఉద్యోగం మానెయ్యమన్నాను. సరిత వినలేదు. ఆఫీసులో చెప్పమన్నాను. ప్రొబేషన్‌లో ఉన్నాను, తెలిస్తే తీసేస్తారు అంది. ఆ కంప్యూటర్ గదిలోకి తిండి తీసుకుపోకూడదట, బ్యాగు గేటు దగ్గరే పెట్టాలట. షుగర్ పడిపోయి చేతులు వణికితే ఏం చేస్తావంటే, చున్నీ కొంగున ముడివేసిన గ్లూకోజ్ పొడి చూపించింది. మిషన్లకు చల్లగాలి ఇస్తారు, మనిషికి బిస్కెట్టు ఇవ్వరు!

సూదంటే ఆమెకు భయం. అందుకని మందు ఎక్కించే పని నేను తీసుకున్నాను. పొద్దున ఇరవై యూనిట్లు, సాయంత్రం పన్నెండు. ఇరవై అంటే ఇరవై గీతే, వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు. రోజూ పొద్దున్నే గాజు గొట్టంలో నీలం మందు పోసి, యూరిన్ చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద వేడిచేసేవాడిని. రంగు నీలంగానే ఉంటే షుగర్ లేనట్టు, ఆకుపచ్చ అయితే కొంచెం, ఇటుక రంగు వస్తే బాగా పెరిగినట్టు. మూడు నెలలు నీలం, ఆకుపచ్చ దాటలేదు. ఆ రంగు చూశాకే నాకు చాయ్ గొంతు దిగేది.

ఒకసారి మందుల షాపులో పాత రకం సిరంజీలు లేవని, సన్న సూది ఉన్నవి ఇచ్చారు. గుచ్చినట్టే లేదని సరిత సంబరపడింది. నేను ఎప్పటిలాగే ఇరవై గీత దాకా లాగాను.

నాలుగో రోజుకు గొట్టంలో ఇటుక రంగు. మర్నాడూ అదే. ఆఫీసులో ఎవరిదో బర్త్‌డే అయిందని అంతకుముందే చెప్పింది. నాకు అనుమానం వచ్చింది.

“కేకు తిన్నవా?”

“నేనేం తినలే నాయినా.”

“మరి ఈ గొట్టం అబద్ధమాడుతదా?”

 ఆ రోజు నుంచి సరిత కంచంలో అన్నం సగం చేసుకుంది. అయినా రంగు మారలేదు. వాళ్లమ్మ దిష్టి తీసింది. పక్కింటామె కాకరకాయ రసం తెచ్చింది. నేను మాత్రం కోపంగా సరిత టిఫిన్ డబ్బా తెరిచి చూసేవాడిని. ఈపాటికి అయిపోవాల్సిన ఇన్సులిన్ సీసాలో సగానికి పైగా మిగిలి ఉంది. నా చెయ్యి జాగ్రత్త అది, చుక్క కారనివ్వను అనుకున్నాను.

పదకొండో రోజు ఆఫీసులో వాంతి చేసుకుని పడిపోయిందని ఫోను వచ్చింది. నేను వెళ్లేసరికి అదే పెద్ద దవాఖాన ఐసీయూలో ఉంది. ఇన్సులిన్ మానేశారా అని డాక్టరమ్మ అడగగానే నాకు ఒళ్లు మండింది. వెంట తెచ్చిన సీసా, సిరంజి తీసి టేబుల్ మీద పెట్టాను. నా చేత్తో ఇస్తున్నాను, ఒక్క పూట తప్పలేదు, మీ మందే కల్తీదేమో చూసుకోండి అన్నాను.

ఆమె సిరంజిని వెలుతురుకు పెట్టి చూసింది. “ఇరవై దాకా తీస్తున్నారా?”

“అవును. అటూ ఇటూ కాదు.”

“ఇది హండ్రెడ్ సిరంజి అండి, మిల్లీలీటరుకు వంద యూనిట్లుండే మందుకు గీతలు పెట్టింది. మీ సీసా ఫార్టీది, మిల్లీలీటరుకు నలభై యూనిట్లే. దీంట్లో ఇరవై గీత దాకా తీస్తే ఎనిమిది యూనిట్లే వెళ్తాయి.”

సిరంజి చేతిలోకి తీసుకుని దాని మీద రాసిన 100 చదివాను. మిల్లీమీటర్ల డ్రాయింగుకు ఇంచుల స్కేలు పట్టినందుకు కార్ఖానాలో ఎంతమందిని నలుగురిలో తిట్టానో నాకు గుర్తుంది. నేను చూసింది అంకె ఒక్కటే. అది ఏ స్కేలు మీది అంకో చూడలేదు. సీసాలో మిగిలిన మందు నాకు చెప్తూనే ఉంది, నేను మెచ్చుకున్నది నా చేతిని.

రెండు రోజులకు సరిత కళ్లు తెరిచింది. తప్పు నాదే బిడ్డా అని జరిగింది చెప్పాను. 

“ఇగ నుంచి ముందుగాల నన్ను అడుగు నాయినా. నేను చెప్పింది నమ్ము. ఆ గొట్టం తర్వాత చూడు.”

మందుల షాపుకు పోయి నిలదీస్తే, ఏదైనా సిరంజే కదా పెద్దాయనా అన్నాడు షాపువాడు. నా అరుపులకు రోడ్డు మీది జనం ఆగారు. కానీ అక్కడ అరిచి ఏం లాభం, సూది పట్టింది నేనే కదా.

ఇదంతా అయి ఏడాది. ఎలాగూ తెలిసిపోయింది కాబట్టి సరిత డాక్టరు లెటరు ఆఫీసులో ఇచ్చింది. ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించారు, తీసెయ్యలేదు. పదకొండింటికి బయటికొచ్చి రెండు బిస్కెట్లు తినడానికి ఒప్పుకున్నారు. ఇప్పుడు సూది తనే వేసుకుంటుంది. బస్సు అరగంట ఆలస్యమైతే నేను ఇప్పటికీ స్టాపు దాకా నడుస్తాను. ఆ భయం పోలేదు, పోతుందని కూడా అనుకోను.

ఇన్సులిన్ వాడే ఇళ్లవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. సీసా మీద 40 అని ఉంటే సిరంజి మీద కూడా 40 ఉండాలి, 100 ఉంటే 100. కొన్న ప్రతిసారీ చూడండి. షుగర్ పెరిగితే ముందు సిరంజి చూడండి, తరువాత సీసా చూడండి. ఏం తిన్నావని పిల్లను అడగడం అన్నిటికన్నా ఆఖరు.