నేను చెప్పిన అబద్ధానికి అతను కట్టిన బాణీ

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆవిడ ఫోనులో ఒక ఇంటర్వ్యూ పెట్టుకుని వింటోంది. గిటారు వాయించుకుంటూ సొంత పాటలు పాడే ఒకాయన్ని, ఒక్కో పాట వెనకున్న కథ చెప్పమని ఎవరో అమ్మాయి అడుగుతోంది. కాలువ పాట దగ్గరికి వచ్చేసరికి ఆయన, "అది మా మేడ మీద అద్దెకుండే అన్న చెప్పిన సంగతండీ" అన్నాడు. ఆ అన్న నేనే. "మీ గురించేనండీ" అంది మా ఆవిడ సంబరంగా. నేను పేపరు తిప్పాను. పాతికేళ్లు దాటినా కడుపులో అదే మంట. ఈ వయసులో అసూయ పడితే చూడ్డానికి బాగుండదని తెలుసు. అయినా పడుతూనే ఉన్నాను.

తొంభైల్లో పామర్రు దగ్గర మా ఊరి నుంచి బెజవాడ వచ్చి ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఒక దర్జీ గారి మేడ మీద గది దొరికింది. కింద వాళ్ల ఇల్లు, ఇంటి ముందే కుట్టు దుకాణం. ముస్లిం కుటుంబం, మర్యాదస్తులు. రంజాన్ నాడు సేమ్యా గిన్నె బంధువుల ఇళ్లకంటే ముందు నా గదికే వచ్చేది. నేనప్పటికే కాలేజీ పోటీల్లో పాడి కప్పులు తెచ్చుకున్నవాణ్ణి. మా ఊళ్లో నా గొంతు గురించి గొప్పగా చెప్పుకునేవారు. ఎవరూ చెప్పకపోతే నేనే చెప్పుకునేవాణ్ణి. గిటారు కొన్నదీ నేనే, క్లాసులకు వెళ్లిందీ నేనే. దర్జీ గారి రెండో కొడుకు నాకంటే మూడేళ్లు చిన్న. తండ్రితో సమానంగా చొక్కాలు కుట్టేవాడు. పనయ్యాక పైకొచ్చి, "అన్నా, ఒక్కసారి ఇస్తావా" అని గిటారు అడిగాడు. ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది.

నాకు ఆర్నెల్లు పట్టిన విద్య వాడికి మూడు వారాల్లో పట్టుబడింది. అదీ భరించాను. ఒకరోజు సొంతంగా పాట కట్టుకొచ్చి పాడాడు. వాళ్ల నాన్న కుట్టుమిషను మీద. తొక్కుడు ఆగితే ఇంట్లో అందరూ తలెత్తి చూస్తారట, మళ్లీ మొదలైతే ఎవరి పనిలో వాళ్లు పడతారట. అంతే పాట. రెండేళ్లుగా ఆ చప్పుడు వింటూనే నేనూ నిద్ర లేస్తున్నాను, నాకెందుకు తట్టలేదు? "బాగానే ఉంది, తాళం కాస్త పరిగెడుతోంది" అన్నాను. తాళం శుభ్రంగా ఉంది. రెండో పాట వాళ్లమ్మ మీద. మబ్బు పట్టగానే ఆవిడ మేడెక్కి తమ బట్టలతోపాటు వాటాల్లో వాళ్లందరి బట్టలూ తీసి మడతలు పెట్టేది. అందులో నా చిరుగుల బనీను కూడా వచ్చింది. వీధి వీధంతా ఆ పాట పాడుకుని నవ్వుకున్నారు. నా చిరుగుల బనీను పాటలోకెక్కింది, నేను మాత్రం ఎక్కలేదు. అదే రోజుల్లో నేనూ తలుపు గడియ పెట్టుకుని ఒక పొడుగు నోటుపుస్తకం నిండా పాటలు రాశాను. ఏ పేజీ తీసినా వెన్నెల, వేణువు, విరహం. చదువుకుంటే నాకే ఆవలింత వచ్చేది.

ఆ ఎండాకాలం వాడు, "మీ ఊళ్లో కాలువకి నీళ్లొచ్చే రోజు ఎలా ఉంటుందన్నా" అని అడిగాడు. డెల్టాలో వేసవికి కాలువలు కట్టేస్తారు. మళ్లీ బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలేదాకా కాలువ నెర్రెలిచ్చి పడి ఉంటుంది. వదిలాక ముందు నురుగొస్తుంది, ఎండుటాకులొస్తాయి, ఎవరిదో తెగిన చెప్పొస్తుంది, నీళ్లకంటే ముందు కుక్కలు పరిగెడతాయి. ఇదంతా ఉన్నదున్నట్టే చెప్పాను. "ఆ రోజు ఊళ్లోవాళ్లు ఏం చేస్తారు?" అన్నాడు. నిజానికి కొట్టుకుంటారు. పొలానికి నీళ్లు మళ్లించే తూము ముందెవరు ఎత్తాలన్న దగ్గర మొదలై, పారలు లేచేదాకా పోతుంది. ఆ సంగతి డెల్టాలో పుట్టిన ఎవరికైనా తెలుసు, బెజవాడ దర్జీ గారబ్బాయికి తెలీదు. వచ్చే వారం వాడు కంకిపాడులో ఒక స్కూలు వార్షికోత్సవంలో పాడబోతున్నాడు. ముందు వరసల్లో కూర్చునేది రైతులే. నా బుర్రలో పురుగు తొలిచింది.

"తగాదా పడి మాటలు మానేసిన వాళ్ల పేరు తలుచుకుని ఒక గన్నేరు పువ్వు నీళ్లలో వదులుతారు. పువ్వు కనుమరుగయ్యాక వాళ్లింటికే వెళ్లి మంచినీళ్లడిగి తాగుతారు" అన్నాను.

"నిజంగానా అన్నా" అన్నాడు. వాడి మొహం చూసైనా ఆగాల్సింది.

కంకిపాడుకి పనిగట్టుకుని వెళ్లి మూడో వరసలో కూర్చున్నాను. పువ్వు మాట రాగానే నా వెనకాయన, "పువ్వెక్కడిదయ్యా, మావోళ్లు పారలట్టుకెళ్తారు" అన్నాడు. రెండు వరసలు గొల్లుమన్నాయి. నా ప్రాణం లేచొచ్చింది. రెండో చరణంలో మంచినీళ్లు అడిగే చోటు వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి. తిరిగి చూస్తే ఆ వెనకాయనే కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు. పాటయ్యాక స్టేజీ దగ్గరికి వెళ్లి వాడి చెయ్యి పట్టుకుని, "మా నాయనమ్మ జేసేదయ్యా. మేవే మానేశాం" అన్నాడు. బస్సులో తిరిగొస్తుంటే వాడు, "నువ్వు చెప్పకపోతే ఈ పాటే లేదన్నా" అన్నాడు.

ఆ తర్వాత క్యాసెట్టు వచ్చింది, రేడియోలో వేశారు. రెండువేల సంవత్సరం దాటేసరికి వాడు కాస్తా ఆయన అయ్యాడు. జనం పాడుకునేదల్లా ఆ పువ్వు, ఆ మంచినీళ్లు. జన్మకి నేను ఊహించిన మంచి మాట అదొక్కటే. అది నాదే అని చెప్పుకోవాలంటే, ఒకణ్ణి పదిమందిలో నవ్వులపాలు చెయ్యడానికి అల్లానని కూడా ఒప్పుకోవాలి. ఉండబట్టలేక, ఆ పువ్వు నా కల్పనేనని మా ఆవిడతో అన్నాను. "మీకంత ఊహ ఎక్కడిదండీ" అని నవ్వేసింది.

మా అమ్మయినా నమ్ముతుందనుకున్నాను. అప్పటికే ఆవిడ బెజవాడలో మా దగ్గరే ఉంటోంది. తూము తగాదాతో మా అమ్మకీ పెద్దమ్మకీ తొమ్మిదేళ్లు మాటల్లేవు. మాటలు కలవకుండానే ఆ ముందు ఏడాది పెద్దమ్మ పోయింది. శవం దగ్గర కూడా అమ్మ నోరు విప్పలేదు. ఒకరోజు అమ్మ వంటింట్లో గోంగూర ఒలుస్తుంటే రేడియోలో ఆ పాట వచ్చింది. "అమ్మా, అలాంటి ఆనవాయితీ మనూళ్లో ఎక్కడుంది? ఆ పువ్వు సంగతి నేనే కల్పించాను" అన్నాను.

"లేకపోవడవేంట్రా" అంది అమ్మ, గోంగూర మీంచి తలెత్తకుండా. "నేను వదల్లా? మీ పెద్దమ్మ పేరు చెప్పే వదిలా. నీళ్లడిగితే కంచు చెంబుతో ఇచ్చింది. పూర్తిగా తాగేదాకా అక్కడే నిలబడింది."

అలా జరగలేదని నాకు తెలుసు. అమ్మకీ ఎక్కడో తెలిసే ఉంటుంది. "అవునమ్మా, మర్చిపోయాను" అని నేనూ ఓ కట్ట తీసుకుని ఒలవడం మొదలుపెట్టాను.

ఆయన్ని చూస్తే ఇప్పటికీ అసూయే, దాచుకోను. కానీ ఆ పువ్వు నాదని మళ్లీ ఎక్కడా అనలేదు. నేను ఇరవై ఆరేళ్ల వయసులో, కుళ్లుతో చెప్పిన అబద్ధాన్ని కాలం తీసుకెళ్లి మా అమ్మ ఊళ్లో ఉన్న రోజుల్లో జరిగిపోయిన నిజంగా పెట్టింది. అక్కణ్ణించి దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి నాకు చేతులు రాలేదు.