తలూపిన నాలుగు ఆదివారాలు

"మీది బొంగురు గొంతు కాబట్టి బతికిపోయారు. సన్నగొంతయితే మీ ముందు కూడా తలూపి, ఇకిలించి పంపేసేవాణ్ణి. ఈ క్యాసెట్టులో ఏముందో, ఏం కావాలో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. రాసుకుంటున్నారా? రాసుకోండి. ఇందులో నా గొప్పేం లేదు గానీ."

సోల్డరింగ్ ఐరన్‌ని స్టాండు మీద పెట్టి, పాత క్యాసెట్టు బాగుచేయించుకోడానికొచ్చిన రచయిత ముందుకి స్టూలు జరుపుకున్నాడు చెవులాయన. అది ఆ వీధి పెట్టిన పేరు. నలభై ఏళ్ళుగా ఆంప్లిఫయర్లు, మైకు సెట్లు బాగుచేస్తున్నాడు. మూత విప్పకుండానే, ఆ పెట్టె మూలుగు విని ఏ పార్టు పోయిందో చెప్పేసేవాడు. పందేలు కూడా గెలిచాడు.

ఆ చెవుల్నే ఆర్నెల్ల కిందట డాక్టరు పరీక్ష చేసి, కొండ దిగినట్టున్న గీత ఒకటి కాగితం మీద చూపించాడు. సన్నటి శబ్దాలు ముందుగా పోతాయన్నాడు: పిచ్చుకలు, తలుపు గంటలు, ఆడవాళ్ళ గొంతులు.

"మా ఆవిడ ఉన్న రోజుల్లో పోయుంటే కాస్త సుఖపడేవాణ్ణి డాక్టరుగారూ" అని నవ్వేసి వచ్చాడు. నవ్వైతే నవ్వాడు గానీ, ఆ కాగితాన్ని మరమేకుల డబ్బా కింద దాచేశాడు. చెవులాయనకు చెవుడొచ్చిందని తెలిస్తే వీధిలో తలెలా ఎత్తుకోవాలి? ఫోనెత్తడం మానేశాడు. అడిగినవాళ్ళకు కొట్లో సిగ్నల్ ఉండదని చెప్పాడు.

మిగిలింది అక్క. పొరుగూళ్ళో ఒక్కతే ఉంటుంది. ఆదివారం పొద్దున్నే ఆమె కంప్యూటర్లో, బ్రౌజరు తెరమీద కనిపించాలి. అది పదేళ్ళ అలవాటు. ఆయనది విండోసుకి బదులు లినక్స్ పెట్టుకున్న పాత యంత్రం. ఎవరూ నేర్పలేదు, తనంతట తనే కుస్తీ పట్టి నేర్చుకున్నాడు. పాత క్యాసెట్ల పాటలు శుభ్రంగా ఎక్కించడానికి అందులో ఈమధ్యే రెండో సౌండు కార్డు కూడా బిగించాడు.

ఆ తర్వాతి ఆదివారం అక్క పెదాలు కదిలాయి. గొంతు రాలేదు.

ఇంకొకరైతే స్పీకరు తీగ లాగి చూసేవారు. ఆయన చూడలేదు. అక్కది సన్నగొంతు. డాక్టరు చెప్పిన రోజు వచ్చేసిందనుకున్నాడు. పాటలు వినిపిస్తున్నాయిగా, మరి అక్క ఒక్కతే వినపడలేదంటే పోయింది తన చెవే. తలూపాడు.

అలా నాలుగు ఆదివారాలు. తనే ఎక్కువ మాట్లాడేవాడు, ఆమె పెదాలు ఆగిన చోట "అలాగే అక్కా, అలాగే" అనేవాడు. మూడో ఆదివారం ఆమె కళ్ళు తుడుచుకుంది.

"జలుబు చేసిందా? ఆవిరి పట్టు" అన్నాడు.

నాలుగో ఆదివారం తర్వాత వచ్చిన శుక్రవారం, బల్ల మీద ఫోను వెలిగింది. అక్క పేరు. ఎత్తితే గుట్టు బయటపడుతుంది. ఫోను బోర్లా తిప్పి పెట్టాడు. రెండోసారి వెలిగితే బల్ల అంచు సన్నగా మెరిసింది. అదీ చూశాడు.

సోమవారం మేనకోడలు వచ్చింది. వస్తూనే గుమ్మంలో నిలబడింది.

"మామయ్యా, నువ్వు మనిషివేనా?"

కోపమొస్తే దాని గొంతు కిందికి దిగుతుంది. అందుకే ప్రతి మాటా వినబడింది. అక్క కడుపులో గడ్డ. మొన్న శుక్రవారం ఆపరేషను. కూతురిగా తనకి సెలవు దొరికేది శనివారానికి. "ఫర్వాలేదే, తమ్ముడొస్తానని తలూపాడు" అంది అక్క. థియేటర్లోకి తీసుకెళ్ళేముందు నర్సుని బతిమాలుకుంది: ఇంకో ఐదు నిమిషాలు ఆగమ్మా, నా తమ్ముడు దారిలో ఉన్నాడు.

"బానే ఉందిలే ఇప్పుడు" అంది మేనకోడలు. "ఏమంటావో నా ఎదురుగానే అను." కుర్చీ లాక్కుని కంప్యూటర్లో తల్లిని పిలిచింది.

తెరమీద దిండుకానుకుని అక్క. పెదాలు కదిలాయి. చెవులాయన అలవాటు కొద్దీ తలూపాడు.

"ఎందుకు తలూపుతున్నావు మామయ్యా? అసలు శబ్దమే రావట్లేదుగా!"

"నీకు వినపడట్లేదా?" అన్నాడు. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం, మంచంమీద ఉన్న అక్కని చూస్తూ సంతోషపడ్డందుకు తల కొట్టేసినట్టయింది.

తర్వాతదంతా పావుగంట పని. వాల్యూము తగ్గించి లేదు. పాట పెడితే స్పీకర్లు మోగాయి. సౌండు సెట్టింగుల కిటికీ తెరిస్తే బ్రౌజరు పేరు పక్కన పచ్చగీత ఎగిరెగిరి పడుతోంది. అంటే అక్క గొంతు యంత్రంలోకి వస్తూనే ఉంది. "వస్తే ఎటు పోతోంది?" అని తీగ వెంట వెళ్ళే మేస్త్రీలాగా ఆ గీత కింద చదివాడు. రెండో కార్డు. పాటలకి పాత కార్డు వాడమని ఎప్పుడో తనే చెప్పిపెట్టాడు. బ్రౌజరుకి ఎవరూ చెప్పలేదు, అది కొత్తదాన్ని పట్టుకుంది. ఆ కార్డుకి వెనక స్పీకరే లేదు. హెడ్‌ఫోను తీగ దాని రంధ్రంలో గుచ్చి తలకు పెట్టుకున్నాడు.

"...వీడేంటే దెయ్యం పట్టినట్టు బల్లకింద దూరాడు?"

సన్నగా, దూరంగా ఉంది. కానీ అక్కే.

జాబితాలో పాత కార్డు ఎంచగానే గొంతు గదిలోకొచ్చింది. మేనకోడలు మెత్తబడిపోయింది. "అమ్మా, పాపం మామయ్య తప్పేం లేదే. నెల్రోజులుగా కంప్యూటరు మూగది."

"ఓరి నీ దుంప తెగ! ఆ ముక్క చెప్పొచ్చుగా. ఆవిరి పట్టమంటే, నా భయం పోగొట్టడానికి హాస్యమాడుతున్నావనుకున్నాను" అంది అక్క. పొట్ట పట్టుకుని, నొప్పికి మూలుగుతూనే నవ్వింది.

"అవునక్కా, కంప్యూటరే" అన్నాడు చెవులాయన.

చెప్పడం ఆపి క్యాసెట్టుని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. మరమేకుల డబ్బా ఎత్తి, కింద మడతపెట్టి ఉన్న కాగితం తీసి ముందుకు తోశాడు.

"ఆ తర్వాత మూడుసార్లు చెప్పబోయాను. ఆమె నవ్వుముఖం చూడగానే నా నోరు వేళాకోళంలోకి తిరిగిపోతోంది. మీరు రేపు ఆ ఊరే వెళ్తున్నారన్నారుగా? బస్టాండు వెనక వీధి, నీలం గేటు. ఈ కాగితం ఇవ్వండి. చెవుల సంగతి చెప్పండి. శుక్రవారం ఫోను రెండుసార్లు వెలిగింది, వాడు చూశాడు, ఎత్తలేదు అని చెప్పండి. కంప్యూటరు మీదకి మాత్రం నెట్టకండి. ఆమె ఏమంటే అది రాసుకొచ్చి నాకివ్వండి. తిడితే తిట్లు కూడా, ఒక్కటి తగ్గించకుండా. మీ క్యాసెట్టు అప్పటికి సిద్ధం చేసి ఉంచుతాను."