ఐరిష్ సముద్రంలో ఒలకని టీ

ముందే చెబుతున్నాను, గోరంతను కొండంత చేయడం నా స్వభావం. కార్డిఫ్‌లో మా పొరుగాయన గారెత్, పక్కపక్కనే మూడు డొప్పలు బిగించిన తన తెరచాప పడవ ట్రైమరాన్‌లో నన్ను ఐర్లాండ్‌కు బయల్దేరదీశాడు. నడిసముద్రంలో తాటిచెట్టంత అలలు లేచాయి. ఆయన చుక్కాని నా చేతికిచ్చి, నిండు టీ కప్పు బల్లమీద పెట్టాడు.

"గారెత్, ఇది తుఫాను కదా?"

"కాస్త గాలి, అంతే. టీ ఒలికిందంటే వెనక్కి తిప్పేద్దాం, మేట్."

ఐర్లాండ్ చూడకుండా తిరిగి వెళితే మా కాకినాడలో ఏం చెప్పుకోను? పడవను పెళ్లిపల్లకీలా నడిపాను. చుక్క ఒలకలేదు. గారెత్ కప్పు చూసి "నాట్ బ్యాడ్" అన్నాడు. వాళ్ల దేశంలో అది గజారోహణంతో సమానం.

అలలు నిజమే. ఆ "నాట్ బ్యాడ్" ఒక్కటే నా కల్పన. నిజానికి ఆయన చల్లారిన టీ తాగేసి, పడవను నాకొదిలి పడుకున్నాడు. ఐర్లాండ్ కనిపించేదాకా లేవలేదు.