మధ్యలో కూర్చున్న చెవిటి తాత

వడ్డన పెత్తనానికి పిలిస్తే, మా మేనత్త ఎంతమంది వస్తున్నారని అడిగేది కాదు. కొంగు నడుముకి బిగించి, "ఎవరికెవరు పడరో ముందది చెప్పండమ్మా," అనేది. ఉయ్యూరు చుట్టుపక్కల ఆవిడ వేసిన పంక్తిలో అలిగి విస్తరి ముందు నుంచి లేచినవాడు లేడు.

నేను తొమ్మిదో క్లాసుతో చదువుకి దండం పెట్టి, ఫోన్లో మాంత్రికుల యుద్ధం పట్టుకున్నాను. వంతులవారీగా ఎత్తులు వేసే ఆట. బెజవాడ పోటీలో గెలిస్తే వీధిలో నన్ను 'తొమ్మిదోక్లాసు' అని పిలవడం మానేస్తారని ఆశ. కానీ నా సైన్యంలో నిప్పు మంత్రగాళ్లనీ నీటి మంత్రగాళ్లనీ పక్కపక్కన నిలబెడితే, ఒకరి మంత్రం ఒకరికి తగిలి ఇద్దరూ చల్లారిపోయేవారు.

అత్తయ్య తొంగిచూసింది. "ఏరా, వీళ్లకీ గట్టు తగాదాయేనా?"

"పుట్టుకతోనే పడదు అత్తయ్యా."

"అయితే మధ్యలో చెవిటి తాతని కూర్చోబెట్టు. ఇటు మాట అటు పోదు."

మంత్రం అంటని రాతిమనిషి ఒకడు నా దగ్గర ఊరికే పడి ఉన్నాడు. వాణ్ణి మధ్యలో నిలబెట్టాను. ఫైనల్లో నిప్పూ నీరూ కలిసి ఎదుటి కోటను కూల్చేశాయి.

ఓడిన ఇంజనీరింగ్ కుర్రాడు, "ఏ వీడియో చూసి నేర్చుకున్నారండీ?" అన్నాడు.

"మా అత్తయ్య వడ్డన చూసి," అన్నాను కాలరెగరేసి.

కప్పు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"బానే ఉందిగానీ, మధ్యలో ఆ తాత సరిగ్గా తిన్నాడా? అందరూ గొడవపడేవాళ్ల విస్తళ్లే చూసుకుంటార్రా."